పిలువని యతిథి



మొన్న నొక మధ్యాహ్నము మా ప్రక్కయింటి కోడలు తన ఫోను చేతబట్టుకొని, కన్నుల నీరు నించుకొని మా యింటికి వచ్చినది. "అక్కయ్యా! నేను పెట్టని యాప్ ఒకటి యిందులో చేరినది. నా మాటలు వినుటకై మా మరదియే దీనిని పెట్టియుండును. పది దినములుగా నతనితో మాటలాడుట మానితిని" అనెను. ఆ మరది కాలేజీలో చదువు పిల్లవాడు. ఫోను కొన్ననాడు దానిని సరిచేసి యిచ్చిన పుణ్యమున కీ యపవాదు!

చూడగా దాని పేరు ఆండ్రాయిడ్ సిస్టమ్ సేఫ్టీకోర్. తెరమీద దానికి బొమ్మ లేదు. సెట్టింగ్సులోని యాప్‌ల పట్టికయందు మాత్రమే కనబడును. నా ఫోను తెరచితిని, అందును గలదు. బడినుండి వచ్చిన మావారి ఫోనునందును గలదు. "మీ మరది మా యింటికి కూడ వచ్చి పెట్టిపోయెనా?" యని యడిగితిని. ఆమె నవ్వలేక నవ్వినది.

సంగతి యిది. తన మెసేజెస్ యాప్‌లో నెవరైన నగ్నచిత్రమును పంపినయెడల దానిని మసకపరచి, చూచుటకు ముందే హెచ్చరించు నేర్పాటును గూగుల్ సంస్థ 2024 అక్టోబరులో ప్రకటించినది. ఆ చిత్రమును గుర్తించు పనికి తోడ్పడునదే సేఫ్టీకోర్. పరీక్ష యంతయు ఫోనులోపలనే జరుగును గాని చిత్రము తమకు చేరదని యా సంస్థవారు చెప్పుచున్నారు. పెద్దవారి ఫోనులలో వారు కోరినపుడే యీ హెచ్చరిక పనిచేయును. ఎదుగుచున్న ఆడపిల్లలు గల యింట నిది పనికిమాలినది కాదు. అయినను ఇంటి యజమానురాలితో నొక్కమాట చెప్పక లోనికి వచ్చుట మర్యాదయా? 2025 ఫిబ్రవరిలో ననేకులు దీనిని కనుగొని యిట్లే యాక్షేపించిరి. వలదన్న తీసివేయవచ్చును, ఆ హెచ్చరిక మాత్రము పనిచేయదు. నవీకరణతో అది మరల వచ్చుటయు గలదు.

ఆమె యంతటితో నాగక, "సిస్టమ్ అని పేరున్నవన్నియు తీసివేయుదునా?" యనెను. వలదు తల్లీ! సిస్టమ్ వెబ్‌వ్యూ అను నింకొకటి గలదు. ఇతర యాప్‌లలో వెబ్ పుటలను చూపునది యదియే. 2021 మార్చిలో దాని నవీకరణయందు దోషము దొరలగా నెన్నియో యాప్‌లు తెరచినంతనే మూసికొనిపోయెను.

అట్లని పేరును నమ్మరాదు. సీతమ్మ యెదుటికి రావణుడు వచ్చినది సన్న్యాసివేషముననే. రాముని యెదుటికి హనుమంతుడు వచ్చినదియు భిక్షువేషముననే. 2021లోనే సిస్టమ్ అప్‌డేట్ అను పేరుతో నొక దొంగ యాప్ బయటపడినది. అది సందేశములను, ఫోటోలను దొంగిలించి, ఫోను సంభాషణలను సైతము గ్రహించెడిది. అది ప్లే స్టోరునుండి వచ్చినది కాదు. పెండ్లి శుభలేఖ యని వాట్సాప్‌లో వచ్చు ఏపీకే ఫైళ్లును ఇట్టి జాతివే.

కావున కొత్త పేరు కనబడినపుడు దానిపై నొక్కి, ఆ పుట యడుగుభాగమున నది యే స్టోరునుండి వచ్చినదో చూడుడు. పిదప అనుమతులు చూడుడు: మైక్రోఫోను, కెమెరా, సందేశములు దానికేల? ముఖ్యముగా యాక్సెసిబిలిటీ యను చోట తెలియని పేరుండరాదు; ఆ యధికారము పొందినది మన తెరపై నున్నదంతయు చదువగలదు. భార్య ఫోనులో రహస్యముగా నిట్టివి పెట్టు భర్తలును లోకమున లేకపోలేదు. అందుచే నా పిల్ల యనుమానమును నేను పరిహసింపలేదు. ఆ చోట్లన్నియు నామె చేతనే తెరపించి, యొక్కొక్కటి చదివించితిని. తెలియని దేదియు లేదు.

ఆ సాయంకాలము దీపము పెట్టువేళ, "మరిదిగారూ! కాఫీ చల్లారిపోవుచున్నది" అను పిలుపు గోడ కావలినుండి వినబడినది.