ఏరు దాటాక ఒంటె

ఆస్ట్రేలియా ఎడారి నేలల్లో క్వాండాంగ్ అనే చిన్న చెట్టు ఉంది. మన శ్రీగంధానికి దగ్గర చుట్టం. దానిలాగే పక్క మొక్కల వేళ్లకు తన వేళ్లు ఆనించి బతుకుతుంది. ఎర్రగా నిగనిగలాడే పుల్లటి పండు కాస్తుంది. పలచటి కండ ఒలిస్తే ఒళ్లంతా గుంటలు పడ్డ గోళీలాంటి గింజ, దాన్ని పగలగొడితే నూనె ఓడే పప్పు. అక్కడి ఆదివాసులు పండు ఎండబెట్టి దాచుకున్నారు, పప్పు తిన్నారు, నూరి ఒంటికి రాసుకున్నారు. ఈము పక్షి పండు మింగి గింజను దూరాన విడిచేది. అందరూ తిన్నారు, చెట్టూ మిగిలింది.

1866లో కరాచీ నుంచి వందకు పైగా ఒంటెలు ఆ దేశంలో ఓడ దిగాయి. ఆ తర్వాతా వేలల్లో తెచ్చారు. దారిలేని ఎడారిలో ఉన్ని బేళ్లూ, సరుకులూ వాటి వీపు మీదే నడిచాయి. 1920ల్లో మోటారు బండ్లు రాగానే వాటిని ఎడారిలోకి తోలేశారు. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న! వాటి సంతతి లక్షల్లోకి పెరిగింది. క్వాండాంగ్ ఆకంటే వాటికి మహా ఇష్టం. అందినంత మేరా కొమ్మలు విరిచి మేస్తాయి. కొన్ని తావుల్లో ఆ చెట్టు కనబడడమే అరుదైంది.

తప్పు ఒంటెది కాదు, అది ఆకలికి మేసింది. దాని చేత బరువు మోయించినవాళ్లు దాని భారం మాత్రం మోయలేదు. శిక్ష చెట్టుకు పడింది.

ఎక్కడో దూరదేశపు ముచ్చట అనుకోకండి. ఒకసారి మన చెరువు గట్టెక్కి చూడండి. వంటచెరకుకు పనికొస్తుందని పెంచిన సర్కారు తుమ్మ కనిపిస్తుంది. ఇంటికి గ్యాస్ బండ వచ్చింది, కత్తి అటకెక్కింది, తుమ్మ చెరువులోకి దిగింది. మేకలు కాయలు తిని గింజలను ఊరంతా చల్లుతున్నాయి. పేరులో సర్కారు ఉందిగనక పీకడమూ సర్కారు పనేనని మనం అరుగుల మీద కూర్చున్నాం. దాని మంట మీద ఉడికిన అన్నం తిన్నది మాత్రం మనమే కదా?

చెరువు ఎండి ఉన్నప్పుడే, తొలకరికి ముందే, ఇంటికొకరు గడ్డపార పట్టుకుని రండి. గొడ్డలి ఒక్కటే తెచ్చి చేతులు దులుపుకుంటే చాలదు. పైన నరికిన తుమ్మ మళ్లీ చిగురిస్తుంది. వేరుతో పెకలించాలి.