పాత బండి, క్రొత్త ఫిరంగి

గత డిసెంబరు నెలలో మా పూర్వవిద్యార్థి యొకడు సెలవుపై వచ్చి, పలాస స్టేషనులో రైలు దిగి, యింటికి పోవుచు త్రోవలో పాఠశాలకు వచ్చి నన్ను చూచెను. అతడు ఫిరంగిదళమున సిపాయి. పదవ తరగతి బాలు రతనిని చుట్టుముట్టి, "అన్నా, ట్యాంకు వేరు, ఫిరంగి వేరు గదా! ట్యాంకు బండిమీద ఫిరంగి నెక్కించుట యెందుకు?" అని యడిగిరి. అతడు నవ్వి, "మన నాటుబండికి కఱ్ఱచక్రాలు తీసి రబ్బరు టైర్లు వేయలేదా? అదీ అంతే, తమ్ముడూ" అనెను. బాలురందఱు నవ్విరి. ఆ మాట మాత్రము నా మనస్సున నిలిచిపోయినది.

చదువరులారా, విషయము కొంచెము వివరించెదను. లారీ వెనుక కట్టి లాగుకొనిపోవు ఫిరంగిని విప్పి నిలిపి పేల్చుటకు కొంత కాలము పట్టును. పేల్చిన పిమ్మట శత్రువు దాని చోటు గుర్తించి తిరిగి కొట్టును. అందుచేత పేల్చినవెంటనే కదలిపోగల ఫిరంగి కావలసివచ్చినది. ట్యాంకునకు యంత్రమును, గొలుసుచక్రములును సిద్ధముగా నున్నవి. పైనున్న బురుజును తీసివైచి పెద్దఫిరంగి నమర్చినచో పని సులభమగునని నిపుణులు తలచిరి.

రెండవ ప్రపంచయుద్ధమున ఆంగ్లేయు లిట్టి ఫిరంగులకు క్రైస్తవ సంఘములోని యుద్యోగముల పేర్లు పెట్టిరి. వాలెంటైన్ ట్యాంకుపై తొందరలో కట్టినది బిషప్. అది 1942లో ఉత్తర ఆఫ్రికా యుద్ధమునకు పోయెను. అందలి ఫిరంగి నేలపై నున్నపుడు సుమారు 12 కిలోమీటర్లు కొట్టగలిగినది. ఇనుపపెట్టెలో బిగించిన పిమ్మట గొట్టము 15 డిగ్రీలకు మించి పైకి లేవక 6 కిలోమీటర్లలోపలనే ఆగిపోయెను. సిపాయిలు మట్టిదిబ్బలు పోసి, బండిని దానిపై కెక్కించి, గొట్టమును పైకెత్తవలసివచ్చెను. తరువాత అమెరికావారి ప్రీస్టును, కెనడావారి సెక్స్‌టనును వచ్చినవి. సెక్స్‌టన్ అనగా దేవాలయపు గంట మ్రోగించి, సమాధులు త్రవ్వువాడు. ఈ సెక్స్‌టనులను మన భారతసైన్యమును వాడినది. గుడి పేర్లు గుండ్లబండ్లకేల యని మాబోటివారికి నొప్పి కలుగుట సహజము. కాని పేరుకంటె పనిని విచారించుట మేలు.

మన దేశమున మద్రాసుచెంత ఆవడిలో 1965 నుండి విజయంత ట్యాంకులు తయారైనవి. ఆ ట్యాంకు క్రిందిభాగమును పొడిగించి, దానిపై రష్యావారి 130 మిల్లీమీటర్ల ఫిరంగి నమర్చి, 1980ల దశాబ్దమున కాటపుల్ట్ అను బండిని సిద్ధపఱచిరి. దాని గుండు 27 కిలోమీటర్లు పోగలదు. ఎడారిలో ట్యాంకులవెంట నడచుటకు అది పనికివచ్చెను. చేతనున్న రెండు వస్తువులనుండి మూడవదానిని పుట్టించిన ఆ యింజనీర్ల నేర్పును నేను తక్కువచేయను. కాని పనిచేయువారికి నెత్తిపై ఇనుపకప్పేకాని, నలువైపుల మూసిన కవచపుగది లేదు. అది కొఱత తీరువఱకు చేసికొన్న యేర్పాటు. పూర్ణకవచము గల 100 వజ్ర ఫిరంగులకు ఒప్పందము 2017లో జరిగెను. గుజరాతులోని హజీరాలో వాని నిర్మాణము 2021లో ముగిసెను. నడుమ సుమారు ముప్పది సంవత్సరములు గడచినవి!

బీదదేశమునకు పొదుపు తప్పదని కొంద రందురు. నేనును ఒప్పుకొందును. చినిగిన పటమునకు అట్ట అంటించి భూగోళము చెప్పిన యుపాధ్యాయుడను; పొదుపును నిందింపజాలను. అయితే మిగులు ఖజానాకును, లోటు సిపాయి ప్రాణమునకును చెందినచో దానిని పొదుపనరాదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మన ఉద్దానమును కొట్టి కొబ్బరి, జీడితోటలను పడగొట్టి, ఇండ్ల కప్పులు లేపినపుడు మనము టార్పాలినులు కప్పుకొంటిమి. మొదటి వారమున టార్పాలిను బుద్ధిమంతుని పని. మూడవ వర్షాకాలమునను అదే నెత్తిపై నున్నచో అది ఎవరిదో యొకరి తప్పు. కాబట్టి నా యభిప్రాయమిది: పాతదానిని మార్చి వాడునపుడు, ఆ మార్పువలన పోయినదేమో దాచక చెప్పవలెను, దానిని విడిచిపెట్టు గడువును మొదటనే నిర్ణయింపవలెను. ఈ రెండును లేని సర్దుబాటు సోమరితనమునకు మాఱుపేరు.

టెక్కలి, పలాస, ఉద్దానపు పల్లెలనుండి యెందఱో యువకులు సైన్యమున చేరుచున్నారు. ఆ బండ్లలో కూర్చుండువారు మన పిల్లలు. రేపు వానిని గీయు ఇంజనీర్లును మన పిల్లలే కావచ్చును. వారికొక్క సంగతి చెప్పి ముగించెదను.

1944 ఆగస్టులో ఫ్రాన్సుదేశపు నార్మండీలో కాల్బలము శత్రువుల గుండ్లకు విరివిగా కూలుచుండెను. కెనడా సేనాని గై సైమండ్స్ కొన్ని ప్రీస్టు బండ్లనుండి ఫిరంగులను తీయించి, ఆ సందులకు ఇనుపరేకులు మూయించి, వానిలో సిపాయిలను కూర్చుండబెట్టి, ఆగస్టు 7వ తేదీ రాత్రి ముందుకు పంపెను. వానిని "దీక్ష తీసివేసిన ప్రీస్టులు" అని సిపాయిలు పరిహాసముగా పిలిచిరట. అదియు పాతబండిని మార్చుటయే. కాని ఆ మార్పు ఇనుమును మనుష్యునికి అడ్డుపెట్టినది.

మన నాటుబండికి టైర్లు వేసినపుడు ఎద్దు మెడపై భారము తగ్గినది. ఏ మార్పునైనను ఆ కొలతతోనే కొలువుడు: భారము ఎవరి మెడనుండి దిగినది? ఎవరి మెడపై కెక్కినది?