ఆడపిల్లల వెయిట్‌లిఫ్టింగ్ శిక్షణపై తాలింఖానా సర్వసభ్య సమావేశ తీర్మానం

మన తాలింఖానాలో బార్ పట్టి సాధన చేస్తున్న బాలికల భవిష్యత్తును గురించి సర్వసభ్య సమావేశం చర్చించి, ఈ కింది తీర్మానాన్ని ఆమోదించింది.

శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేటలో నీలంశెట్టి అప్పన్న గారి దగ్గర బరువులెత్తడం నేర్చిన కరణం మల్లీశ్వరి 19 ఏళ్లకే ప్రపంచ ఛాంపియన్ అయ్యారు. మహిళల వెయిట్‌లిఫ్టింగ్‌కు ఒలింపిక్స్‌లో తొలిసారి చోటు దక్కిన 2000 సిడ్నీ క్రీడల్లో ఆమె స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచారు. ఒలింపిక్ పతకం అందుకున్న మొదటి భారతీయ మహిళ ఆమే. ఈ సంగతి సభ గర్వంగా స్మరించుకుంటోంది. స్మరణతో ఆగిపోవడం మనకు అలవాటైంది గనుక, మరో విషయాన్ని కూడా నమోదు చేస్తోంది. 1994, 1995లలో ఆమె గెలిచిన ప్రపంచ టైటిళ్లు 54 కిలోల విభాగంలోవి. సిడ్నీ పతకం 69 కిలోల విభాగంలోది. ఒళ్లు ఎదిగింది, బలమూ ఎదిగింది, విభాగం మారింది. మన దగ్గర జరుగుతున్నది దీనికి వ్యతిరేకం. జిల్లా పోటీలో తక్కువ బరువు విభాగంలో ఒక్క పతకం కోసం ఎదిగే పిల్ల చేత అన్నం, నీళ్లు మాన్పిస్తున్నారు; స్వెటర్ తొడిగి ఎండలో పరుగెత్తిస్తున్నారు. 18 ఏళ్లు నిండని ఏ బాలికనూ బరువు తగ్గమని కోచ్ గానీ ఇంటివారు గానీ ఒత్తిడి చేయరాదని, పెరిగిన బరువుకు తగిన విభాగంలోనే పేరు ఇవ్వాలని సభ తీర్మానిస్తోంది.

మహిళల బార్ బరువు 15 కిలోలు, మందం 25 మిల్లీమీటర్లు. మన బాలికలు నేటికీ మగవారి 20 కిలోల, 28 మిల్లీమీటర్ల బార్‌తోనే సాధన చేస్తున్నారు. చిన్న చేతికి ఆ పట్టు అందదు. సంక్రాంతికి సంగిడి రాళ్ల పోటీలకు చందాలు వసూలు చేయగలిగిన ఊరికి ఒక బార్ భారం కాదని మెజారిటీ సభ్యులు అభిప్రాయపడ్డారు.

విజయనగరం జిల్లా కొండవెలగాడకు చెందిన మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో మూడో స్థానంలో నిలిచారు. స్వర్ణం గెలిచిన 16 ఏళ్ల నైజీరియా బాలిక డోప్ పరీక్షలో దొరికిపోవడంతో సంతోషికి రజతం దక్కింది. ఆ పతకం మనకు వచ్చిందని సంతోషించేటప్పుడు, పోగొట్టుకున్నదీ ఒక పిల్లేనని మరవరాదు. ఒంట్లో ఏం దొరికినా బాధ్యత ముందు లిఫ్టర్ మీదే పడుతుంది. కాబట్టి డాక్టర్ రాసివ్వని పొడి, మాత్ర, సూది ఏదీ బాలికలకు ఇవ్వరాదు; ఇచ్చినవారిని తాలింఖానా నుంచి తొలగించాలి.

2016 రియో ఒలింపిక్స్‌లో క్లీన్ అండ్ జెర్క్ మూడు ప్రయత్నాలూ తప్పిన లిఫ్టర్ మీరాబాయి చాను మరుసటి ఏడాదే ప్రపంచ ఛాంపియన్ అయ్యారు. టోక్యోలో 202 కిలోలతో రజతం తెచ్చారు. ఒక పోటీ పోయిందని బాలిక పేరు కొట్టేయరాదు. పెళ్లితో ఈ ఆట ముగిసినట్టేనని సమావేశంలో ఇద్దరు ముగ్గురు పెద్దలు అన్న మాట మినిట్స్‌లో ఉంది. మల్లీశ్వరి సిడ్నీ పతకం పెళ్లయిన తర్వాతిదేనని కూడా అక్కడే రాయాలని సభ ఆదేశించింది.

మహిళల బార్ వచ్చే సంక్రాంతిలోగా కొనాలి. పోటీలకు వెళ్లే బాలికల వెంట ఒక మహిళ తప్పనిసరిగా ఉండాలి. ఆమె ప్రయాణ ఖర్చు తాలింఖానాదే. తీర్మానం ప్రతులను బాలికల తల్లిదండ్రులకు, బడి ప్రధానోపాధ్యాయులకు, పంచాయతీకి అందజేసే పని కార్యదర్శికి అప్పగించడమైనది.