జానపదాన్ని చెడగొట్టింది డీజే కాదు

నర్మెట్ట నుంచి భూపాలపల్లి దాకా ఏ ఊరి బోనాల్లో చూసినా, ఏ పెళ్లి బరాత్‌లో నిలబడినా ఒక మాట చెవిన పడుతుంది: డీజే బండ్లు, ర్యాప్ పాటలు వచ్చి మన జానపదాన్ని ఆగం చేశాయని. సన్మాన సభల్లో, పత్రికల సాహిత్య పేజీల్లో ఇదే మాట కాస్త మర్యాదగా వినిపిస్తుంది. రెగే, హిప్ హాప్ లాంటివి చొరబడితే మన పాట స్వచ్ఛత పోతుందట, ఏది కలిపినా కల్తీయేనట. వినడానికి ఇది కళ మీద ప్రేమలాగే ఉంటుంది. కానీ ఈ వాదన తప్పు. పైగా కళాకారుల కడుపు మీద కొట్టిన అసలు కారణాలను ఇది కప్పిపెడుతోంది.

ముందు ఆ స్వచ్ఛత సంగతి చూడాలి. జనగామ జిల్లా దేవరుప్పుల మండలం అప్పిరెడ్డిపల్లికి చెందిన గడ్డం సమ్మయ్యకు చిందు యక్షగానంలో చేసిన కృషికి 2024లో పద్మశ్రీ వచ్చింది. చిందు భాగోతం ఆడుతుంటే పక్కన హార్మోనియం మోగుతుంది. అది ఏ తాతల నాటి వాద్యం? 19వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లో పుట్టి, కలకత్తాలో చేత్తో వాయించే పెట్టెగా మారి, నాటక సమాజాల వెంట పల్లెలకు చేరిన పరాయి పెట్టె. మన సంగీతానికి సరిపడదంటూ ఆకాశవాణి 1940లో దాన్ని నిషేధించింది. 1971 దాకా ఆ నిషేధం సడలలేదు. ఆ 30 ఏళ్లలో రేడియోలో పెట్టె మూగబోయిందే గానీ, పందిరి కింద భాగోతాల్లో మోగుతూనే ఉంది. నాటి పెద్దలు కల్తీ అన్నదాన్నే నేటి పెద్దలు సంప్రదాయం అంటున్నారు.

బుర్రకథ చరిత్ర కూడా అలాంటిదే. జంగం కథల రూపాన్ని 1940ల్లో ప్రజానాట్యమండలి వాళ్లు తీసుకుని దాంట్లో జమీందారు, అప్పు, వెట్టి, పోరాటం నింపారు. షేక్ నాజర్ చేతిలో అది వేలమందిని కూర్చోబెట్టే కళ అయింది, 1986లో ఆయనకు పద్మశ్రీ తెచ్చింది. బీరప్ప, మల్లన్న పట్నాల దగ్గర చెప్పే ఒగ్గుకథను లింగాల ఘనపురం మండలం మాణిక్యాపురం నుంచి నగర వేదికల మీదికి తెచ్చిన చుక్క సత్తయ్యను ఇవాళ అందరూ గర్వంగా తలుచుకుంటారు. దేవుడి గద్దె ముందు నుంచి మైకు ముందుకు రావడం చిన్న మార్పేమీ కాదు. ఆ మార్పును మెచ్చుకునే నోటితోనే తర్వాతి తరం మార్పును తిట్టడం న్యాయమా?

ఇప్పుడు కాస్త దూరం వెళ్దాం. లండన్‌లో 1993లో కమ్యూనిటీ మ్యూజిక్ అనే సంస్థ వర్క్‌షాప్‌లో కలిసిన దక్షిణాసియా మూలాల కుర్రాళ్లు, వాళ్లకు నేర్పిన వాళ్లు ఏషియన్ డబ్ ఫౌండేషన్ పేరుతో బృందం కట్టారు. 1998లో వచ్చిన వాళ్ల ఆల్బం 'రఫీస్ రివెంజ్'లో డబ్, రెగే, పంక్, హిప్ హాప్, జంగిల్ అన్నీ ఉన్నాయి. గిటార్ వాయించే చంద్రసోనిక్ తీగలన్నిటినీ ఒకే స్వరానికి శ్రుతి చేసుకుంటాడు. దాంతో పంక్ గిటార్ తంబూరాలా ఒకే నాదాన్ని పట్టుకుని మోగుతుంది. ఆ ఆల్బంలో ఉధమ్ సింగ్ మీద ఒక పాట ఉంది. 'నక్సలైట్' అని ఇంకో పాట ఉంది. బ్రిటిష్ జైల్లో మగ్గుతున్న ఒక ఖైదీని విడుదల చేయమనే పాట ఉంది, ఆ మనిషి 2002లో బయటికొచ్చాడు. 1998లో బ్రిటిష్ సంగీత పురస్కారం మెర్క్యురీ ప్రైజ్ తుది జాబితాలో ఈ ఆల్బం నిలిచింది. గద్దర్ గొంగడి, గజ్జెలతో జననాట్యమండలి వేదిక మీద చేసిన పనినే వీళ్లు బేస్ గిటార్‌తో చేశారనడం అతిశయోక్తి కాదు. కలపడం వల్ల వాళ్ల మాట పదును పోలేదు, పెరిగింది.

ఆ కలపడం కూడా జమైకా నుంచి వచ్చింది. అమెరికా రేడియోలో విన్న రిథమ్ అండ్ బ్లూస్, జాజ్, తమ పల్లెల మెంటో కలిసి అక్కడ స్కా పుట్టింది. అది నెమ్మదించి రాక్‌స్టెడీ, 1968 నాటికి రెగే అయింది. కింగ్‌స్టన్‌లో రేడియోలు, యాంప్లిఫయర్లు బాగుచేసే కింగ్ టబ్బీ అనే మెకానిక్ అప్పటికే రికార్డైన పాటను తీసుకుని గొంతును మాయం చేసేవాడు. గిటార్ ఒక్క క్షణం మెరిసి పోయేది. డ్రమ్, బేస్ మాత్రం నిలిచేవి. తీసేసిన గొంతులోంచి ఒక్క మాట ప్రతిధ్వనిగా వచ్చి గాలిలో తేలిపోయేది. అదే డబ్. కింగ్‌స్టన్‌లో పుట్టి న్యూయార్క్ చేరిన డీజే కూల్ హెర్క్ 1973 ఆగస్టు 11న బ్రాంక్స్‌లో పెట్టిన పార్టీని హిప్ హాప్ పుట్టినరోజుగా చెప్పుకుంటారు. లండన్ రాక్సీ క్లబ్బులో వాయించడానికి పంక్ రికార్డులే లేని రోజుల్లో డీజే డాన్ లెట్స్ రెగే రికార్డులు పెట్టాడు, పంక్ కుర్రాళ్లు దానికి అలవాటుపడ్డారు. ఇన్ని చేతులు మారిన రెగేను యునెస్కో 2018లో మానవాళి వారసత్వంగా గుర్తించింది.

డబ్ దగ్గర మన రీమిక్స్ వాళ్లు నేర్వాల్సింది చాలా ఉంది. ఒగ్గుకథలో కథకుడు కీలకమైన చోట మాట ఆపేస్తాడు. డోలు ఒక్కటే మోగుతుంది. జనం ఊపిరి బిగబట్టాక వంతవాడు అందుకుంటాడు. టబ్బీ మిక్సర్ మీద చేసిందీ అదే. మన బరాత్ రీమిక్స్‌లు దీనికి సరిగ్గా ఎదురు నడుస్తాయి. ఏ పాటైనా ఒకే బీటు, దాని మీద ఇంకో బీటు, డప్పు ఎక్కడుందో వెతుక్కోవాలి. ఈ రీమిక్స్‌లు పేలవంగా ఉన్నాయంటే ఒప్పుకోవాల్సిందే. అది చేతగాని మిక్సింగ్ లోపం. చేతగానివాడు ఒట్టి డప్పుతోనైనా పాటను పాడుచేయగలడు.

చేతనైనవాళ్లు చేస్తే ఎలా ఉంటుందో తెలుగులోనే ఉదాహరణ ఉంది. హైదరాబాద్ బ్యాండ్ చౌరస్తా రెగే నడకలో తెలుగు పల్లె పాట కట్టింది. రామ్ మిర్యాల గొంతుతో వచ్చిన 'ఊరెళ్ళిపోతా మామ'ను జనం తమ పాటగా పాడుకున్నారు. రెగేలో దెబ్బ పడే చోటు మన చెవికి కొత్త కాదు, అందుకే అది పరాయి పాటలా తోచలేదు.

డీజే మీద ఫిర్యాదుల్లో ఒకటి మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం. అది చప్పుడు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ఇళ్ల మధ్య పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 దాటకూడదు. హైదరాబాద్ పోలీసులు 2024లో మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు. గుండెజబ్బు మనిషి ఇంటి ముందు బాక్సులు పెట్టి అదరగొట్టడాన్ని ఎవరూ సమర్థించక్కర్లేదు. కానీ అది వాల్యూమ్ తగువు. దాన్ని సంగీతం తగువుగా మార్చడం పొరపాటు.

అసలు గాయం వేరే చోట ఉంది. 12 మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగిలయ్య గొంతు 'భీమ్లా నాయక్' సినిమా పాటలో కొత్త బీట్ల పక్కన వినిపించింది. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయనే తుర్కయాంజాల్‌లో ఒక నిర్మాణ స్థలంలో కూలి పని చేస్తూ కనిపించారు. వరంగల్ జిల్లా దుగ్గొండికి చెందిన పస్తం మొగిలయ్య, కొమురమ్మ దంపతులు 'బలగం' సినిమా చివర పాడిన పాట 2023లో ఊరూరినీ ఏడిపించింది. మరుసటి ఏడాది చివర పస్తం మొగిలయ్య మూత్రపిండాల జబ్బుతో చనిపోయారు. వీళ్లందరినీ ఊరి పొలిమేర దాటించి లక్షలమందికి వినిపించింది సినిమా, మిక్సింగ్ డెస్కే. ఆ తర్వాత వాళ్లకు ఆసరా నిలవలేదు. స్వచ్ఛత గురించి బాధపడే పెద్దలు ఈ లెక్క అడగరు. డప్పు మీద సింథసైజర్ పడిందని బాధపడతారు, డప్పు కొట్టినవాడి పేరు రికార్డు మీద లేకపోతే బాధపడరు.

అడగాల్సినవి వేరే ఉన్నాయి. యూట్యూబ్‌లో జానపద పాట పెట్టే ప్రతి ఛానెల్ పాట ఎవరి దగ్గర నేర్చారో, డోలు ఎవరు వాయించారో రాయాలి. వచ్చే ఆదాయంలో వాళ్లకు వాటా ముందే కాగితం మీద పెట్టాలి. ఒగ్గు డోలును మంచి మైకులతో విడిగా రికార్డు చేయించి కుర్ర మిక్సర్లకు అందుబాటులో ఉంచడం సాంస్కృతిక శాఖ తలుచుకుంటే పెద్ద ఖర్చేమీ కాదు. నర్మెట్ట, తరిగొప్పుల వైపు డోలు దరువు ఎరిగిన చేతులు, ల్యాప్‌టాప్‌లో బీట్లు కట్టే పిల్లలు ఒకే వాడలో ఉన్నారు. ఆ ఇద్దరినీ ఒక గదిలో కూర్చోబెట్టి, రోజు కూలి ఇచ్చి, ఒక ఆల్బం చేయించమని ఆ శాఖను మన సాంస్కృతిక సంఘాలు ఎందుకు అడగవు?