పది తర్వాత తొమ్మిది

సంక్రాంతికి ఇంటికి చుట్టాలొచ్చారు. కాఫీలయ్యాక మామూలే. ‘ఏదీ, ఒంట్లు చెప్పమ్మా’ అన్నారెవరో మా మనవరాలితో. యూకేజీ పిల్ల. అడగడమే ఆలస్యం, చేతులు కట్టుకుని, కళ్లు పైకప్పుకేసి పెట్టి, ఒకటి నుంచి వంద దాకా ఊపిరి తిప్పుకోకుండా అప్పజెప్పేసింది. అందరూ చప్పట్లు కొట్టారు. గుడివాడ బావగారు మాత్రం గ్లాసు కింద పెట్టి, ‘భేష్! మరి పదిహేడుకి ముందు ఏమొస్తుంది?’ అనడిగారు.

పిల్ల ఒక్క క్షణం ఆగింది. మళ్లీ ఒకటి దగ్గర్నుంచి మొదలుపెట్టింది. పెదాలు కదుపుతూ పదిహేడు దాకా వెళ్లి, ‘పద్దెనిమిది’ అంది. అందరూ నవ్వారు. పిల్ల వాళ్లమ్మ వెనక దాక్కుంది.

నాకు రోషమొచ్చింది. మర్నాటి నుంచి వెనక్కి చెప్పించడం మొదలెట్టాను. పది, తొమ్మిది, ఎనిమిది... నాలుగు రోజుల్లో ఒకటి దాకా వచ్చేసింది. నేను మీసం మెలేశాను. అయిదో రోజు ‘ఆరు నుంచి వెనక్కి చెప్పు’ అన్నాను. మళ్లీ పది దగ్గర్నుంచే అందుకుంది. ‘ఆరు నుంచి చెప్పమంటే!’ అని గద్దించాను. బావురుమంది. అప్పుడు తెలిసొచ్చింది, నేను పిల్లకి లెక్క నేర్పలేదు. ఇంకో పాట నేర్పానంతే.

పాటను మధ్యలోంచి అందుకోవడం ఎవరికైనా కష్టమే. అనుమానముంటే మీరే ప్రయత్నించండి. అక్షరమాల మీకు నిద్రలో లేపి అడిగినా వచ్చు కదా, ‘హ’ నుంచి ‘క’ దాకా వెనక్కి చెప్పండి చూద్దాం. చైత్రం, వైశాఖం అంటూ గడగడా చెప్పే పెద్దవాళ్లని ఫాల్గుణం నుంచి వెనక్కి రమ్మనండి. పుష్యం దగ్గరే పట్టు తప్పుతుంది. అయిదేళ్ల పిల్లకి అంకెలు కూడా అంతే.

అమెరికాలో కారెన్ ఫ్యూసన్ అనే పరిశోధకురాలు, మరికొందరు కలిసి 1982లో ఈ సంగతినే వివరంగా రాశారు. పిల్లలకి అంకెల వరస మొదట్లో ఒక్క దారంలా ఉంటుందట. ‘ఒకటిరెండుమూడునాలుగు’ అంతా ఒకటే మాట. తర్వాత మాటలు విడివిడిగా వినిపిస్తాయి. ఆ తర్వాత దారాన్ని ఎక్కడైనా తెంపి, అక్కడి నుంచి మొదలెట్టడం వస్తుంది. అన్నిటికన్నా చివరి మెట్టు, అటూ ఇటూ తిరగ్గలగడం. వంద దాకా చెప్పే పిల్ల పదిహేడు దగ్గర తడబడిందంటే మొద్దు అని అర్థం కాదు. ఇంకా మొదటి మెట్ల మీదే ఉందని అర్థం.

అందులో మన భాష పెట్టే చిక్కు ఒకటుంది. ‘ముందు’ అంటే ఏమిటి? ‘భోజనానికి ముందు చేతులు కడుక్కో’ అంటాం. అదే నోటితో ‘ముందుకి నడువు’ అంటాం. మొదటిది జరిగిపోయిన వైపు, రెండోది పోవాల్సిన వైపు. ‘పదిహేడుకి ముందు’ అంటే మా పిల్ల ముందుకే నడిచింది. తప్పు పిల్లదా, ప్రశ్నదా? ‘పదిహేడు కన్నా ఒకటి తక్కువైతే ఎంత?’ అని అడిగితే గొడవే లేదు.

ఇంతకీ వెనక్కి లెక్కపెట్టడం రాకపోతే ఏమవుతుంది? ఒకటో తరగతిలో ఏమీ కాదు. కూడికలు వేళ్ల మీద గడిచిపోతాయి. తీసివేత వచ్చేసరికి బండి ఆగుతుంది. పన్నెండులోంచి మూడు తీసెయ్యాలంటే పన్నెండు దగ్గర నిలబడి పదకొండు, పది, తొమ్మిది అని మూడడుగులు వెనక్కి రావాలి. అది రాని పిల్ల పన్నెండు గీతలు గీసి, మూడు కొట్టేసి, మిగిలినవి మళ్లీ ఒకటి నుంచి లెక్కపెడుతుంది. యాభై రెండులోంచి పద్దెనిమిది తీసెయ్యమంటే ఎన్ని గీతలు గీస్తుంది పాపం!

ఊళ్లలో ఇంటింటికీ వెళ్లి పిల్లల చదువుని పరీక్షించే ‘అసర్’ సర్వే 2005లో మొదలైంది. వాళ్లిచ్చేది అప్పు తెచ్చుకుని చేసే రెండంకెల తీసివేత. దేశం మొత్తమ్మీద గ్రామాల్లో మూడో తరగతి పిల్లల్లో ఆ లెక్క చెయ్యగలిగినవాళ్లు 2022లో 25.9 శాతం, 2024లో 33.7 శాతం. మెరుగు పడింది, సంతోషమే. అయినా ముగ్గురిలో ఇద్దరికి ఇంకా రావడం లేదు. దీనికి కారణాలు చాలా ఉంటాయి. వెనక్కి నడవడం సరిగా రాకముందే అప్పు తెచ్చుకోమనడం వాటిలో ఒకటని నాకనిపిస్తుంది.

వెనక్కి రావడంలో పిల్లలు చేసే ఓ తప్పుంది. పన్నెండులోంచి మూడు అనగానే ‘పన్నెండు, పదకొండు, పది’ అని మూడు వేళ్లు మూసి, జవాబు పది అంటారు. నిలబడ్డ చోటునే ఒక అడుగు కింద లెక్కేస్తారన్నమాట. దీన్ని నోటితో ఎంత చెప్పినా ఎక్కదు. మెట్ల మీద నిలబెడితే వెంటనే తెలుస్తుంది. ‘నువ్విప్పుడు పన్నెండో మెట్టు మీదున్నావు. ఒక మెట్టు దిగు. ఎక్కడున్నావు?’ అంటే ఏ పిల్లా పన్నెండు అనదు. దుర్గగుడి మెట్లే ఎక్కక్కర్లేదు, డాబా మెట్లు చాలు. ఎక్కేటప్పుడు పైకి, దిగేటప్పుడు కిందికి.

ఇంకో మాట. ఈ లెక్క తెలుగులో మొదలెడితే పిల్లలకి సులువు. పదమూడు, పధ్నాలుగు, పదిహేను... ప్రతి మాటలోనూ పది ముందు వినిపిస్తుంది, మిగతాది తర్వాత. రాసేదీ ఆ వరసలోనే. ఇంగ్లిష్‌లో థర్టీన్ అంటే మూడు ముందు, పది తర్వాత. పైగా థర్టీ, థర్టీన్ చెవికి ఒక్కలాగే ఉంటాయి. తెలుగులోనూ గుంతలు లేకపోలేదు. పందొమ్మిది, పద్దెనిమిది దగ్గర నాలుక మెలిక పడుతుంది. నలభై ఒకటి, నలభై అన్నాక ఏం చెప్పాలో తోచదు. ఆ పదుల మలుపుల దగ్గర చెయ్యి పట్టుకుంటే చాలు, మిగతా దారి పిల్లలే నడిచేస్తారు.

మన ఆటల్లో ఈ చదువు ఎప్పుడూ ఉంది. తొక్కుడుబిళ్లలో గడులన్నీ గెంతుతూ అవతలికి వెళ్లాక మళ్లీ వెనక్కి రావాల్సిందే. వైకుంఠపాళిలో పాము మింగితే ఎన్ని గడులు కిందికి జారామో చూసుకుని ఏడుస్తాం. బడ్డీకొట్టు కూడా బడే అప్పట్లో. యాభై రూపాయల నోటిచ్చి ముప్పై ఏడు రూపాయల సరుకు తీసుకుంటే, కొట్టతను ముప్పై ఎనిమిది, ముప్పై తొమ్మిది, నలభై అంటూ రూపాయి బిళ్లలు మూడు పెట్టి, మీద పది నోటు వేసి ‘యాభై’ అనేవాడు. తీసివేతని కూడికగా మార్చి చేతిలో పెట్టేవాడు. పక్కన నిలబడ్డ పిల్ల చూసేది. ఇప్పుడు ఫోన్ చూపిస్తే డబ్బులందినట్టు పెట్టె అరుస్తుంది. చిల్లర లేదు, దాంతోపాటు ఆ పాఠమూ లేదు. అందుకని ఇంట్లోనే కాస్త పని కల్పించుకోవాలి. ప్లేటులో అయిదు ఇడ్లీలు పెట్టి, ఒక్కొక్కటీ తినగానే ‘ఇంకెన్ని?’ అనడగండి. నాలుగు, మూడు, రెండు, ఒకటి. ఆఖరిది తిన్నాక?

అక్కడే అసలు తమాషా. ముందుకి లెక్కపెట్టేటప్పుడు ఒకటితో మొదలెడతాం, సున్నాతో పనే పడదు. పిల్లలకి సున్నా నిజంగా కనిపించేది వెనక్కి వచ్చినప్పుడే, ఖాళీ ప్లేటులో. 1929లో జర్మన్ దర్శకుడు ఫ్రిట్జ్ లాంగ్ చంద్రుడి మీదికి ప్రయాణం గురించి ఓ మూకీ సినిమా తీశాడు. అందులో రాకెట్ వదిలే ముందు అంకెలు వెనక్కి లెక్కపెట్టించాడు. ముందుకి లెక్కపెడితే ఎక్కడ ఆగుతుందో చూసేవాడికి తెలీదు, వెనక్కైతే ఆఖరు ఎక్కడో అందరికీ తెలుసు. 2023 జులై 14 మధ్యాహ్నం 2.35కి శ్రీహరికోట నుంచి చంద్రయాన్-3 లేచినప్పుడు మనమంతా టీవీల ముందు చేసిందీ ఆ లెక్కే.

మా పిల్ల సంగతి చెప్పలేదు కదూ. గద్దించడం మానేసి, ఓ ఆదివారం పొద్దున్నే ప్రకాశం బ్యారేజీ మీదికి నడకకి తీసుకెళ్లాను. గేట్లు మొత్తం డెబ్బై. 2024 సెప్టెంబరు వరదలో డెబ్బయ్యీ ఎత్తేసి పదకొండు లక్షల క్యూసెక్కులకి పైగా నీళ్లు వదిలినప్పుడు టీవీలో చూసింది కాబట్టి, వాటంటే దానికి భలే గౌరవం. ఒక్కొక్కటే లెక్కపెడుతూ నడిచాం. ఇరవయ్యో గేటు దాటాక ‘తాతయ్యా, కాళ్లు నొప్పులు’ అంది.

‘సరే, వెనక్కెళ్దాం. ఎన్ని గేట్లు దాటాలి?’

‘ఇరవై.’

ఒకటి దాటాం. ‘ఇప్పుడు?’ అన్నాను. ఆగింది. వెనక్కి చూసింది, ముందుకి చూసింది. ‘పందొమ్మిది’ అంది. తర్వాత నేనడగలేదు. పధ్నాలుగు దగ్గర ఓ బెలూన్లవాడు ఎదురై లెక్క ఆగిపోయింది. బేరమయ్యాక మొదటికి పోలేదు, పదమూడు నుంచే అందుకుంది. ఆ ఒక్కటీ విన్నాక నాకింక పరీక్ష పెట్టాలనిపించలేదు.

ఆఖరి గేటు దాటగానే ‘సున్నా! అయిపోయాయి’ అని అరిచింది. ఉగాదికి బావగారు వస్తారు. ‘ముందు’ అనకుండా అడగమని ఆయనకి నేను ముందే చెప్పి ఉంచాలి.