అరిసెలు పైన, మురుగు కింద

మా అపార్ట్‌మెంట్‌కి అయిదు అంతస్తులు. నాది గ్రౌండ్‌ఫ్లోర్. లిఫ్టు చెడిపోయిన రోజున అందరూ నన్ను చూసి కుళ్లుకుంటారు. డ్రైనేజీ జామైన రోజున ఒక్కరూ ఇటు తొంగిచూడరు.

పోయిన సంక్రాంతికి, భోగి ఇంకా రెండు రోజులుందనగా, తెల్లవారుజామున బాత్రూమ్‌లో గుడగుడమని చప్పుడు. మా ఇంట్లో ఎవరూ నల్లా తిప్పలేదు. అయినా నేల మీది జాలీలోంచి నల్లటి నీళ్లు ఉబికి వస్తున్నాయి. వాటి మీద తెల్లటి తరకలు. చీపురుపుల్లతో కదిపితే మైనం ముద్దల్లా ఉన్నాయి. అంతకు ముందు మూడు రోజులుగా పైన సకినాలు, అరిసెలు, జంతికలు వండుతున్నారు. వాసన నాకూ వచ్చింది. అరిసెలు రెండు వచ్చాయి, అబద్ధమెందుకు. మూకుడు అడుగున మిగిలిన నూనె మాత్రం మొత్తం వచ్చింది.

మురుగంటే మనకు వానాకాలపు గొడవ. జూన్ రాకముందే మోరీలు తీయలేదని అరుస్తాం. చలికాలంలో పైపులో ఏం జరుగుతోందో ఎవరికీ పట్టదు. నెయ్యి, డాల్డా, కొబ్బరినూనె చలికి పేరుకోవడం ప్రతి ఇంట్లోనూ చూసేదే. హైదరాబాద్‌లో డిసెంబరు, జనవరి రాత్రులు 15 డిగ్రీల కిందికి దిగినప్పుడు సీసాలో జరిగేదే పైపులోనూ జరుగుతుంది. "మేం వాడేది సన్‌ఫ్లవర్ నూనె, అది గడ్డకట్టదు కదండీ" అన్నారు మూడో అంతస్తు ఆవిడ. సీసాలో కట్టదు, ఒప్పుకుంటాను. మోరీలోకి వెళ్లాక దానిలోంచి కొవ్వు ఆమ్లాలు విడిపడతాయి. అవి నీటిలోని కాల్షియంతో కలిసి సబ్బులాంటి గట్టి పదార్థంగా మారతాయి. మన బోరు నీళ్లలో కాల్షియానికేం కరువు? బకెట్ అంచున కట్టిన తెల్లటి పొర చూడండి. సిమెంటు గొట్టం గోడలు కూడా తమ వంతు ఇస్తాయి. ఆపైన తల వెంట్రుకలు, టీ పొడి, మెతుకులు, టాయిలెట్లో వేయొచ్చని అట్ట మీద రాసి అమ్మే వెట్ వైప్స్. లండన్‌లో వైట్‌చాపెల్ వీధి కింద 2017లో ఇలాంటి గడ్డే బయటపడింది. పొడవు 250 మీటర్లు, బరువు 130 టన్నులు. దాని ముక్కను మ్యూజియంలో పెట్టి చూపించారు. మాది అంత పేరుకెక్కలేదు.

మరిగే నీళ్లు పోస్తే పోతుందన్నది వంటింటి శాస్త్రం. నిజంగానే పోతుంది, మీ ఇంట్లోంచి. రెండు మలుపులు దాటాక చల్లారి మా గుమ్మం ముందు ఛాంబర్‌లో కూర్చుంటుంది.

ఆ ఉదయం నేను చేసిన మొదటి తప్పు బకెట్‌తో ఎత్తిపోయడం. నేను ఒక బకెట్ తీస్తుంటే పైన నలుగురు స్నానం చేస్తున్నారు. ముందు ఆపాల్సింది పై ట్యాంకు వాల్వ్. అది కట్టేశాకే నీళ్లు ఎగదన్నడం ఆగింది. తర్వాత ఛాంబర్ మూతలు వరసగా తెరవాలి. నిండిన ఛాంబర్‌కీ ఖాళీ ఛాంబర్‌కీ మధ్యనే అడ్డు ఉంటుంది. గేటు దగ్గరి ఆఖరి ఛాంబర్ కూడా నిండి ఉంటే అడ్డు వీధిలో ఉన్నట్టు. అది మన పని కాదు, జలమండలి 155313కి ఫోన్ చేయాలి. ఇవేవీ తెలియక చాలామంది చేతికందిన యాసిడ్ పోసి, వాసన పోవడానికి పైనుంచి బ్లీచింగ్ పౌడర్ చల్లుతారు. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. తలుపులు మూసిన బాత్రూమ్‌లో ప్రాణం మీదికి వస్తుంది.

ఇంకొకటి నాకు సాయంత్రం దాకా తట్టలేదు. మా మంచినీళ్ల సంపు ఆ ఛాంబర్‌కి నాలుగడుగుల దూరంలోనే ఉంది. పొంగిన మురుగు మూత సందులోంచి అందులోకి దిగిందేమో ఎవరూ చూడలేదు. మోటారు ఆపించి, సంపు ఖాళీ చేయించి, కడిగించేసరికి రాత్రయింది. ఆలోగా అయిదు అంతస్తుల వాళ్లూ అందులో నీళ్లే తాగారు. ఆ రాత్రి మాత్రం అందరూ కిందికి దిగివచ్చారు.

మధ్యాహ్నం జరిగింది చెప్పాలి. వాచ్‌మన్ ఎవరినో పిలుచుకొచ్చాడు. ఆ మనిషి చొక్కా విప్పి, వెదురుబద్ద పట్టుకుని ఛాంబర్‌లోకి దిగబోయాడు. వద్దన్నాను. "అలవాటే సార్, రెండు నిమిషాల్లో అయిపోతుంది" అన్నాడు. మా అసోసియేషన్ పెద్దలూ నా మీదే విసుక్కున్నారు. లోపల వాసన కూడా పెద్దగా లేదన్నారొకరు. మురుగులో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ కొంచెమైతే కుళ్లిన గుడ్డు కంపు కొడుతుంది. ఎక్కువైతే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. రక్షణ ఏర్పాట్లు లేకుండా మనిషిని మురుగు గొట్టంలోకో సెప్టిక్ ట్యాంకులోకో దించడం 2013 నాటి చట్టం ప్రకారం నేరం. మొదటిసారికే రెండేళ్ల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా లేదా రెండూ పడొచ్చు. మురుగు గొట్టంలో మనిషి చనిపోతే కుటుంబానికి 30 లక్షలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో చెప్పింది. ఆ ఇంటివాళ్లకు అది ఏపాటి? చివరికి యంత్రమే పిలిపించాం. ఒక్కో ఫ్లాటుకి పడిన వాటా ఒక్క నూనె ప్యాకెట్టు ఖరీదు కూడా లేదు. దానికి రెండు గంటల వాదన.

నూనె వంపేయాల్సిన చోటు సింకు కాదు. చల్లారాక పాత డబ్బాలో పోసి మూతపెట్టి చెత్తబండికిస్తే చాలు. మూకుడు కడిగే ముందు పాత పేపరుతో ఒక్కసారి తుడవాలి. మా నానమ్మ ఆ జిడ్డును పిండితో తుడిచి రొట్టె చేసేది. అప్పట్లో నూనె పారబోయడం పాపం, ఇప్పుడు సింకు ఉంది కదా! వానాకాలానికి ముందు ఛాంబర్లు తీయించినట్టే ధనుర్మాసంలోనూ ఒకసారి తీయించాలని మా మీటింగులో పెట్టాను. మెయింటెనెన్స్ పెరుగుతుందని ఇద్దరు అడ్డు చెప్పారు. ఇద్దరూ నాలుగో అంతస్తే.

వచ్చే ఆదివారం పొద్దున తొమ్మిదింటికి మా గేటు దగ్గరి ఛాంబర్ మూత తెరుస్తున్నాం. పై అంతస్తుల వాళ్లు మెట్లు దిగి వచ్చి ఒక్కసారి లోపలికి చూడాలని మనవి. టీ మా ఇంట్లోనే.

– కింది వాటా