సూది ఎవరు వేశారు? ఎవరు వేయమన్నారు?

ఆసుపత్రిలో ఏదైనా అనర్థం జరిగిన రెండు రోజులకు పత్రికలో ఒక వార్త కనిపిస్తుంది: విధుల్లో నిర్లక్ష్యం వహించిన నర్సును సస్పెండ్ చేశారు. విషయం అంతటితో ముగుస్తుంది. సూది వేసిన చేయి ఎవరిదో తెలిసింది కనుక బాధ్యులెవరో కూడా తేలిపోయిందని మనమందరమూ భావిస్తాము. ఆ పనిని ఆమెకు ఎవరు అప్పగించారు, అది ఆమెకు అప్పగించదగిన పనేనా, అప్పగించిన తరువాత గమనించినదెవరు అనే ప్రశ్నలను ఎవరూ అడగరు. ప్రభుత్వ వైద్యశాలల్లో దశాబ్దాలపాటు పనిచేసిన వైద్యునిగా ఆ ప్రశ్నలను మీ ముందు ఉంచదలచాను. ఇవి ఆసుపత్రి సిబ్బందికి మాత్రమే సంబంధించినవి కావు. మంచం మీద ఉన్నది మీవారైనప్పుడు ఇవి మీ ప్రశ్నలే.

1993 డిసెంబరులో ఢిల్లీలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఒక బాలుణ్ని టైఫాయిడ్ చికిత్సకు చేర్చారు. నర్సు తెమ్మన్న ఇంజెక్షన్‌ను తండ్రి కొని తెచ్చాడు. ఆమె దానిని నేరుగా రక్తనాళంలోకి ఇచ్చింది. బాలుడు వెంటనే కుప్పకూలాడు. గుండె ఆగిపోయి, మెదడుకు కోలుకోలేని నష్టం జరిగింది. ఆ నర్సుకు తగిన అర్హత లేదని, ఏ రాష్ట్ర నర్సింగ్ మండలిలోనూ ఆమె పేరు నమోదు కాలేదని విచారణలో తేలింది. అయితే విచారణ అక్కడ ఆగలేదు. ఆ ఇంజెక్షన్ బాధ్యత వహించవలసిన రెసిడెంట్ వైద్యుడు దానిని ఆమెకు వదిలివేయడం కూడా నిర్లక్ష్యమేనని జాతీయ వినియోగదారుల కమిషన్ నిర్ణయించింది. అర్హత లేని వ్యక్తిని నియమించిన ఆసుపత్రినీ బాధ్యురాలిని చేసింది. బాలునికి 12.5 లక్షలు, తల్లిదండ్రులకు 5 లక్షల రూపాయలు పరిహారంగా చెల్లించాలన్న ఆ ఆదేశాన్ని 1998లో సుప్రీంకోర్టు సమర్థించింది.

ఈ తీర్పులో నాకు ముఖ్యంగా కనిపించేది ఒక్కటే. పనిని మరొకరికి అప్పగించవచ్చు. అప్పగించినంత మాత్రాన బాధ్యత మన భుజం దిగి వారి భుజానికి ఎక్కదు. పనిని స్వీకరించినవారు దానిని ఎలా చేశారన్నదానికి జవాబుదారులు. అప్పగించినవారు ఆ నిర్ణయానికి, పర్యవేక్షణకు జవాబుదారులు. ఒకరి బాధ్యత మరొకరి బాధ్యతను తుడిచివేయదు.

పనుల అప్పగింత తప్పు అని నా అభిప్రాయం కాదు. అది లేకుండా ఏ వార్డూ ఒక్క పూట నడవదు. వైద్యుడు నర్సుకు, నర్సు ఆయాకు కొన్ని పనులు అప్పగించక తప్పదు. ఎలా అప్పగించాలన్నదే ప్రశ్న. అమెరికాలోని నర్సింగ్ మండళ్ల జాతీయ సమాఖ్య 1990లలో దీనికి ఐదు కొలమానాలను రూపొందించింది: తగిన పని, తగిన పరిస్థితి, తగిన వ్యక్తి, తగిన సూచన, తగిన పర్యవేక్షణ. ఇవి మన వార్డులకూ అక్షరాలా వర్తిస్తాయి.

ఉదాహరణకు, నిలకడగా ఉన్న రోగికి ఒళ్లు తుడవడం, పక్క మార్చడం శిక్షణ పొందిన ఆయా చక్కగా చేయగలదు. నిన్న పెద్ద శస్త్రచికిత్స జరిగిన రోగిని పక్కకు తిప్పడం కూడా పైకి అదే పని. కాని పరిస్థితి వేరు. అక్కడ నర్సు దగ్గర ఉండాలి. రక్తపోటు కొలిచి రాయడం నర్సింగ్ విద్యార్థినికి అప్పగించవచ్చు. ఆ అంకె గంటగంటకూ పడిపోతున్నదంటే దాని అర్థమేమిటో తేల్చే పనిని అప్పగించరాదు. రక్తం ఎక్కించేటప్పుడు మొదటి పదిహేను నిమిషాలు రోగిని కనిపెట్టుకుని ఉండడమూ అటువంటిదే. చేతిపనిని అప్పగించవచ్చు. వృత్తిపరమైన వివేచనను అప్పగించలేము.

సూచన సంగతి చూడండి. మన దేశంలో ఇన్సులిన్ మిల్లీలీటరుకు 40 యూనిట్ల సీసాలలోనూ, 100 యూనిట్లదిగానూ దొరుకుతుంది. 40కి ఎర్ర మూత సిరంజి, 100కి నారింజ మూత సిరంజి వాడాలి. 100 యూనిట్ల మందును ఎర్ర మూత సిరంజితో తీస్తే, గీత పది యూనిట్లే చూపినా ఒంట్లోకి వెళ్లేది ఇరవై అయిదు. కాబట్టి “పదో నంబరు మంచానికి ఇన్సులిన్ ఇచ్చేయ్” అని నడుస్తూ చెప్పిన మాట సూచన కాదు. ఏ సీసా, ఏ సిరంజి, ఎన్ని యూనిట్లు, ఏ లక్షణం కనిపిస్తే వెంటనే పిలవాలి అన్నవి చెప్పినప్పుడే అది సూచన అవుతుంది.

సిబ్బందే లేనప్పుడు ఈ నియమాలన్నీ ఎలా సాధ్యమని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. భారత నర్సింగ్ మండలి ప్రమాణాల ప్రకారం సాధారణ వార్డుల్లో బోధనాసుపత్రులలో ముగ్గురు రోగులకు, ఇతర ఆసుపత్రులలో ఐదుగురికి ఒక నర్సు ఉండాలి. రాత్రి డ్యూటీలో ఒక్క నర్సు మొత్తం వార్డును చూసుకునే చోట్లు ఎన్నో మీకూ తెలుసు. అటువంటప్పుడు పనులు కిందికి జారుతాయి. కాని సిబ్బంది కొరత పని ఎందుకు చేయి మారిందో చెబుతుందే గాని, ఎవరూ జవాబుదారులు కారని చెప్పదు. నిజానికి అది జవాబుదారుల జాబితాను ఇంకా పైకి, పోస్టులను ఖాళీగా ఉంచిన అధికారుల దాకా పొడిగిస్తుంది. నిలువునా ఉన్న ఆ వరుసలో చిట్టచివరి వ్యక్తిని మాత్రమే సస్పెండ్ చేయడం విచారణ అనిపించుకోదు.

అదేవిధంగా, తనకు రాని పనిని “నాకు రాదు” అని చెప్పే హక్కు నర్సుకు ఉండాలి. మన ఆసుపత్రుల్లో ఆ మాటను అవిధేయతగా పరిగణిస్తారు. నా దృష్టిలో అది వృత్తిధర్మం. ఆ మాట విని కోప్పడే వైద్యుడు తన రోగికే హాని చేస్తున్నాడు. 1947 నాటి నర్సింగ్ మండలి చట్టం స్థానంలో 2023లో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం వచ్చింది. మంచిదే. కాని అర్ధరాత్రి వార్డులో నర్సు నోట ఆ మాట ధైర్యంగా రావడానికి చట్టంతోపాటు పెద్దల మర్యాద కూడా కావాలి.

ఇక మీ సంగతి. పని కిందికి జారుతూ జారుతూ చివరికి చేరేది రోగి బంధువు చేతికి. సెలైన్ అయిపోతే చెప్పమంటారు. ముక్కు గొట్టం ద్వారా పాలు పోయమంటారు. అదీ అప్పగింతే, దానికీ ఆ ఐదు కొలమానాలూ వర్తిస్తాయి. గొట్టం సరైన చోట ఉన్నదో లేదో నర్సు చూడకుండా పాలు పోస్తే అవి ఊపిరితిత్తులలోకి పోయే ప్రమాదం ఉన్నది. కనుక మొదటిసారి తన ఎదుటే చేయించమని నర్సును అడగండి. తల భాగం ఎంత ఎత్తులో ఉంచాలో, దగ్గు గాని ఆయాసం గాని వస్తే ఏమి చేయాలో చెప్పించుకోండి. చేతకాదనిపిస్తే మొహమాటపడకుండా చెప్పండి. ఇంజెక్షన్ ఇచ్చేవారిని “అమ్మా, ఇది ఏ మందు? కేస్ షీటులో రాసి ఉందా?” అని మర్యాదగా అడగండి. ఇంట్లో వృద్ధుల సేవకు మనిషిని పెట్టుకునేవారు, నర్సు అని చెప్పుకుంటే రాష్ట్ర నర్సింగ్ మండలి రిజిస్ట్రేషన్ చూపమని కోరండి.

ఏదైనా పొరపాటు జరిగినప్పుడు కూడా వార్డులో ఎదురుగా కనిపించిన నర్సు మీద విరుచుకుపడకండి. ఈ పని ఎవరు చేశారని అడిగినంత గట్టిగా, ఎవరు చేయమన్నారు, ఎవరు చూసుకోవలసి ఉంది అని కూడా అడగండి. రాతపూర్వకంగా అడగండి. ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలసి వస్తుందని తెలిసిన ఆసుపత్రి, రేపు మరొక రోగి విషయంలో పనిని అప్పగించే ముందు ఒక్క క్షణం ఆగి ఆలోచిస్తుంది.